చీటీ మన అడవిది కావాలి

పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

సెలవులకి ఊరొచ్చినప్పుడు మా హాస్టల్ వాళ్లం ఆరుగురం దగ్గర్లోని ఒక ఆశ్రమ పాఠశాలలో ఐదో తరగతి పిల్లలతో పర్యావరణం మీద ఒక ఆట ఆడించాం. చీటీలో రాసినవి అరగంటలో వెతికి తేవాలి. ఇంగ్లీషులో స్కావెంజర్ హంట్ అంటారు. చీటీని నెట్‌లోంచి తీసుకున్నాం. అందులో ఓక్ గింజ, మేపుల్ ఆకు ఉన్నాయి. మా కొండమీద అవెక్కడ దొరుకుతాయి? వాటిని కొట్టేసి "ఐదు రకాల ఆకులు తెండి" అని రాశాం. పది నిమిషాల్లో బడి వెనక ఉసిరి మొక్క మోడైపోయింది. పర్యావరణం పాఠం చెప్పబోయి మొక్కని చంపినంత పని చేశాం. తప్పు పిల్లలది కాదు, మాదే.

మర్నాడు చీటీ మేమే రాశాం. విస్తరికి పనికొచ్చే ఆకు, పురుగు తొలిచిన కాయ, రాలిన ఈక, మట్టిలో కలవని వస్తువు, గాయానికి కట్టే ఆకు. కోయకూడదు. రాలినవి తేవాలి, లేదా ఉన్నచోటే చూపించాలి. పేరు ఇంట్లో ఏ భాషలో అంటే ఆ భాషలోనే చెప్పొచ్చు.

క్లాసులో అసలు నోరు విప్పదన్న ఒక పాప అడ్డాకు తీగ దగ్గర నిలబడి విస్తరి ఎలా కుడతారో కువిలో గడగడా చెప్పింది. ఇంకో బాబు గాయానికి వాళ్ల అమ్మమ్మ కట్టే ఆకు చూపించాడు. దాని పేరు మా ఆరుగురిలో ఒక్కరికీ తెలీదు! చిన్నప్పట్నించీ హాస్టళ్లలోనే పెరిగాం. శాస్త్రీయ నామాలు బట్టీ పట్టాం, ఇంటి పేర్లు మర్చిపోయాం. ఆ రోజు ఆటలో ఓడిపోయింది మేమే.

"ఇలాంటివాటికి మార్కులు రావు, టైం వేస్ట్" అంటారు కొందరు. కానీ తనకి తెలిసింది కూడా చదువేనని ఆ పాపకి మొదటిసారి అనిపించింది. అలా అనిపించిన పిల్ల బడి మానేయదని మా నమ్మకం.

ఇంకో సంగతి. 2006 అటవీ హక్కుల చట్టం మన సంప్రదాయ విజ్ఞానం మీద మనకి సామూహిక హక్కు ఇచ్చింది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ఊళ్లలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు రాయాలి. పేర్లు తెలిసిన ముసలివాళ్లు పోయాక, అడిగే పిల్లలు లేకపోతే ఆ రిజిస్టర్‌లో ఏం రాస్తాం?

అందుకే ఈసారి సెలవుల్లో మీరు చదివిన బడికి వెళ్లి ఈ ఆట ఆడించండి. చీటీ ఊరి అవ్వాతాతల్ని అడిగి రాయండి, గెలిచిందెవరో కూడా వాళ్లనే చెప్పమనండి. దురదగొండి ఉన్నవైపు, వాగు వైపు పిల్లల్ని పోనివ్వద్దు. పుట్టగొడుగులు ముట్టనివ్వద్దు. మందు ఆకుల ఫోటోలు మాత్రం ఊరి పెద్దలు ఒప్పుకోకుండా ఎక్కడా పెట్టకండి. అది మన ఊరి ఆస్తి.

మన అడవి గురించి మన పిల్లలకి నెట్ చీటీ ఏం చెప్తుంది? మన అవ్వ చెప్పాలి, మనం పక్కన కూర్చుని రాసుకోవాలి.