కుట్లు పడ్డాక ఐదు రోజుల మాత్రలెందుకు?

హైదరాబాద్‌లో అమీర్‌పేట నుంచి పంజాగుట్ట చౌరస్తా దాకా బోర్డులు చదువుకుంటూ వెళితే, కోచింగ్ సెంటర్లతో పోటీపడేవి చర్మం, జుట్టు క్లినిక్‌లే. పుట్టుమచ్చ తీయించుకోవడం, వీపు మీది కొవ్వు గడ్డ కోయించుకోవడం ఇప్పుడు గంటలో ముగిసే పని. బయటికొచ్చేటప్పుడు చేతిలో పెట్టే మందుల చీటీలో నొప్పి బిళ్ల, గ్యాస్ బిళ్ల పక్కన ఐదు రోజుల యాంటీబయాటిక్ కూడా తరచూ ఉంటుంది. ఎందుకని అడిగితే ‘చీము పట్టకుండా’ అంటారు. శుభ్రంగా కోసి, శుభ్రంగా కుట్టిన చిన్న గాయానికి ఈ కోర్సు అక్కర్లేదు. ఈ అలవాటుకు స్వస్తి చెప్పాలి.

చీము పట్టకుండా ఆపాలంటే, కత్తి పడే వేళకే మందు ఆ చోటికి చేరి ఉండాలి. అమెరికా సర్జన్ జాన్ బర్క్ 1961లోనే గినీ పందుల చర్మంలోకి సూక్ష్మజీవులను ఎక్కించి ఈ సంగతి తేల్చాడు. ముందుగానో, వెంటనేనో ఇచ్చిన మందు పనిచేసింది. మూడు గంటలు దాటాక ఇస్తే ఇవ్వనట్టే అయింది. అలాంటిది సాయంత్రం భోంచేశాక వేసుకునే మొదటి మాత్ర ఏం ఒరగబెడుతుంది? ఆపరేషన్ అయిపోయాక నివారణ మందును పొడిగించవద్దని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. పై పూత మందుదీ అదే కథ. 1996లో అమెరికాలో చర్మానికి చిన్న కోతలు పడిన 922 మందిలో సగం మందికి యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్, సగం మందికి ఉత్త పెట్రోలియం జెల్లీ రాసి చూశారు. జెల్లీ రాసినవారిలోనూ ఇన్ఫెక్షన్ నూటికి ఇద్దరికి మించలేదు. ఆయింట్‌మెంట్ వల్ల నలుగురికి అలర్జీ మాత్రం వచ్చింది.

అందరికీ ఒకటే సూత్రమని కాదు. మోకాలి కింద, గజ్జల్లో, పెదవి, చెవి మీద కోతలకు ముప్పు ఎక్కువ. ఆస్ట్రేలియాలోని ఉక్కపోత ఊరు మెకైలో కాలి కోతలకు ముందు సెఫలెక్సిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చి చూస్తే ఇన్ఫెక్షన్లు 35.7 శాతం నుంచి 12.5 శాతానికి తగ్గాయి. అది 52 మందితో చేసిన చిన్న పరీక్ష. ఆ తేడా కాకతాళీయమూ కావచ్చు. అయినా గమనించాల్సింది, అక్కడ ఇచ్చింది ఒకే ఒక్క డోసు, అదీ కోతకు ముందు.

కుట్లు పడినవాళ్లకు పప్పు పెట్టని ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. చీము పడుతుందట! ఆ పథ్యంతో పోయేది నాలుక రుచే. ఈ మాత్రల పథ్యంతో మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాటి వల్ల 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధిచేసే పటాన్‌చెరు కేంద్రం వదిలిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ యాంటీబయాటిక్ ఉందని 2007లో ప్రపంచానికంతా తెలిసింది. మందులు తయారుచేసే ఊరికి ఈ ముప్పు గురించి మరొకరు చెప్పాలా?

కొత్త చట్టాలేం అక్కర్లేదు. యాంటీబయాటిక్ రాస్తే కారణం కూడా చీటీ మీద రాయాలని 2024 జనవరిలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ డాక్టర్లను కోరారు. సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్‌లు అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు దాచాలని షెడ్యూల్ హెచ్1 నిబంధన 2014 నుంచి ఉంది. ఎర్రగీత ఉన్న స్ట్రిప్‌ను కత్తెరతో కత్తిరించి ఆరు బిళ్లలు చేతిలో పెట్టే కౌంటర్లకు ఇది పట్టడం లేదు. ఔషధ నియంత్రణ కార్యాలయం వెంగళరావు నగర్‌లో, ఈ షాపులకు కూతవేటు దూరంలోనే ఉంది. తనిఖీలు ఈ షాపుల నుంచే మొదలుపెట్టాలి. ‘కారణం’ గడి లేని మందుల చీటీ చెల్లదని రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇవ్వాలి. ఎవరికి ముందు డోసు కావాలో, ఎవరికి అక్కర్లేదో పంజాగుట్ట నిమ్స్ నిపుణులు ఒక పేజీలో తెలుగులో రాసివ్వాలి. దాన్ని ప్రతి క్లినిక్ గోడకు అతికించాలి. పరికరాల స్టెరిలైజేషన్‌లో లోపాన్ని మాత్రలు కప్పిపుచ్చలేవు గనుక తనిఖీ క్లినిక్‌లో ఆ పరికరాలుండే గదిలోకీ వెళ్లాలి. ఇక గాయం ఎర్రబడి వాచినా, చీము కారినా, జ్వరం వచ్చినా పేషెంటు అదే రోజు డాక్టరుతో మాట్లాడగలగాలి. ఇన్ఫెక్షన్ నిజంగా వస్తే యాంటీబయాటిక్ తప్పకుండా రాయాల్సిందే. అందుకే చీటీ మీద ఐదు రోజుల కోర్సు రాసే చోట ఒక ఫోన్ నంబరు రాయండి.