మూడున్నర గంటల దూరం

దుబాయి నుంచి హైదరాబాదుకు గాలిదారిన సుమారు 2,550 కిలోమీటర్లు. విమానానికి మూడున్నర గంటలు. రాత్రి పదింటికి బయల్దేరితే, గడియారం గంటన్నర ముందుకు తిప్పుకుని, తెల్లవారుజామున మూడింటికి శంషాబాదులో దిగుతాం. తిరిగొచ్చేటప్పుడు ఎదురుగాలికి ఇంకాస్త ఎక్కువ. అక్కడి నుంచి జగిత్యాలకు బస్సే ఇంకా ఆలస్యం!

మరి తండ్రి పోయాడని ఫోనొస్తే కొడుకు చివరిచూపుకు ఎందుకు అందడం లేదు? కంపెనీల్లో కాగితాలు చూసే గుమాస్తాలం కాబట్టి చెబుతున్నాం. పాస్‌పోర్టు ఆఫీసు బీరువాలో ఉంటుంది. తాళం ఉన్నాయన సెలవు రోజున ఫోనెత్తడు. ఆ తర్వాత సంతకం పెట్టాల్సిన మేనేజరు సైటులో ఉంటాడు.

ఎమిరేట్స్‌లో 2022 ఫిబ్రవరి నుంచి అమలులో ఉన్న కార్మిక చట్టం ప్రకారం కంపెనీ మన పాస్‌పోర్టు పట్టి ఉంచుకోకూడదు. తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు పోతే మూడు రోజులు, భార్య పోతే ఐదు రోజులు జీతంతో సెలవు. ఆ మూడు రోజుల్లో ఒకటి బీరువా తాళానికే పోతే ఇక మిగిలేదెంత?

అందుకే అన్నలారా, కబురు వచ్చేదాకా ఆగకండి. ఈ వారమే పాస్‌పోర్టు అడిగి తీసుకోండి. ఒక్కరే వెళ్లడానికి జంకితే రూములో నలుగురూ కలిసి వెళ్లండి. "భద్రంగా ఉంటుందని దాచాం" అంటారు. మా పెట్టెలకూ తాళాలున్నాయి సారూ అనండి.