కట్టకముందే చేసి చూడాలి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కడితేగాని కష్టం తెలియదని ఆ మాటకు అర్థం. ఇంటి విషయంలో పొరపాటు జరిగితే ఆ కష్టం ఒక కుటుంబానిది. పట్టణం కట్టటంలో పొరపాటు జరిగితే చుట్టుపక్కల పల్లెలు కూడా తరతరాలు మోయాలి. బందరు, గుడివాడ పెరుగుతున్న ఈ రోజుల్లో ఈ సంగతి ఆలోచించటం అవసరం.

దివిసీమకు ఇది అనుభవంలో ఉన్న పాఠమే. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దాదాపు 10 వేల మందిని పొట్టన పెట్టుకుంది. తీరగ్రామాల్లో తలదాచుకునేందుకు గట్టి భవనాలు లేకపోవటం ఆ ఘోరానికి ఒక కారణం. ఆ తర్వాత తీరం పొడవునా తుపాను రక్షణ భవనాలు లేచాయి. ఉప్పెన నీరు కింద నుంచి పోయేట్టు స్తంభాల మీద ఎత్తుగా కట్టారు. మామూలు రోజుల్లో బడికి, సభలకు పనికివచ్చేట్టు చూశారు. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం సమీపంలోనే మరో పెనుతుపాను తీరం దాటింది. ముందే హెచ్చరికలు అందాయి. 6 లక్షలకు పైగా జనాన్ని తరలించారు. ఈ భవనాలు ఆదుకున్నాయి. మృతుల సంఖ్య వెయ్యి దాటలేదు.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. రోజూ పిల్లలు చదువుకునే భవనానికి దారి ఊరందరికీ తెలుసు. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో తెలుసు. ఏళ్ళ తరబడి తాళం పడి ఉన్న భవనం ఎంత గట్టిదైనా ఆపద వేళ అక్కరకు రాదు. జనం వాడుకలో ఉన్న చోటే పదికాలాలు నిలుస్తుంది.

పట్టణాలకూ ఇదే వర్తిస్తుంది. అమెరికాలోని న్యూయార్కు నగరంలో టైమ్స్ స్క్వేర్ అనే కూడలి ఉంది. 2009లో అక్కడ కొంత రోడ్డు మీద వాహనాలు ఆపి, చవక కుర్చీలు వేసి చూశారు. జనానికి నచ్చిందని, ప్రమాదాలు తగ్గాయని తేలాక 2010లో ఆ ఏర్పాటును శాశ్వతం చేశారు. గట్టి కట్టడాలు ఆ తర్వాతే వచ్చాయి.

మన దగ్గర ఇదేమీ అసాధ్యం కాదు. బందరు కోనేరు సెంటర్‌లోనో, గుడివాడ నెహ్రూ చౌక్‌లోనో మార్పు చేయదలచుకుంటే ముందు రెండు నెలలు తాళ్ళు, డ్రమ్ములు పెట్టి చూడవచ్చు. పల్లె నుంచి వచ్చిన మనిషి ఎండలో ఎక్కడ నిలబడుతున్నాడు, కూరగాయల తట్ట ఎక్కడ దించుతున్నారు, ఆటో ఎక్కడ తిరుగుతోంది అన్నవి కళ్ళతో చూసి, తర్వాత సిమెంటు పోయవచ్చు. వేసిన సిమెంటు పగలగొట్టే ఖర్చుతో పోలిస్తే తాళ్ళ ఖర్చు ఎంత?

అయితే ప్రయోగం పేరిట తోపుడుబండ్ల వారిని తరిమివేయరాదు. వీధి వ్యాపారుల విషయం చూసే పట్టణ కమిటీలో కనీసం 40 శాతం స్థానాలు వారికే ఇవ్వాలని 2014 నాటి చట్టం చెబుతోంది. ఆ మాట కాగితం దాటి రావాలి.

ఇంకొక సంగతి నీటిది. డెల్టా నేల పల్లం. మురుగు సముద్రానికి మెల్లగా దిగుతుంది. పట్టణం అంచున రోడ్డు ఎత్తు పెంచి, కల్వర్టులు చాలినన్ని వేయకపోతే మునిగేది పక్క ఊరి వరిచేలే. కొత్త రోడ్డుకు, కొత్త లేఅవుటుకు ఒక వానాకాలం నీటి దారి చూసి గాని అనుమతి ఇవ్వరాదు.

మచిలీపట్నం పట్టణాభివృద్ధి సంస్థ 2016లో ఏర్పడింది. 2023 మే నెలలో తపసిపూడి వద్ద ఓడరేవు పనులు మొదలయ్యాయి. రేవు వెంట గిడ్డంగులు, రోడ్లు, కాలనీలు వస్తాయి. ప్రణాళిక పటాలు కార్యాలయం గోడకు తగిలిస్తే సరిపోదు. గ్రామసభల్లో పరిచి, రైతులకూ మత్స్యకారులకూ చూపించాలి. ఏ దారిన నీరు పోతుందో, ఏ దారిన జనం నడుస్తారో వారికి తెలిసినంత మరెవరికీ తెలియదు. అధికారులు అడగాలి. గ్రామస్థులు కూడా అడిగేదాకా ఆగకుండా వెళ్ళి చెప్పాలి.