ఢిల్లీ లేఖ: సింహాసనం ఊహ, సభ నిజం

ఉభయ సభలూ వాయిదా పడిన వారంలో రాజధాని విలేకరికి కాస్త తీరిక చిక్కుతుంది. ఆ తీరికలో మా మేనల్లుడు నాకొక సామ్రాజ్యాన్ని చూపించాడు. ఐస్‌లాండ్ సంస్థ ఒకటి 2003లో ప్రారంభించిన ‘ఈవ్ ఆన్‌లైన్’ అనే ఆటలోని అమార్ సామ్రాజ్యమది. కంప్యూటర్ తెరపై వేలాది మంది కలిసి అంతరిక్ష నౌకలు నడిపే ఆట. నన్నాకర్షించినవి నౌకలు కావు, ఆ సామ్రాజ్యపు అధికార సోపానం.

శిఖరాన చక్రవర్తి. ఆ దిగువ అయిదు రాజవంశాల వారసులు, వారికి స్థానమున్న ప్రీవీ కౌన్సిల్. మతమే చట్టం కనుక మతాచార్యుల మండలే అత్యున్నత న్యాయస్థానం. వీరి కింద భూములతోపాటు బానిసలనూ ఏలే ప్రభువులు, ఆ తరువాత సామాన్యులు, అట్టడుగున బానిసలు. జాగీర్దారీనీ, వెట్టినీ ఎరిగిన తెలంగాణ పాఠకులకు ఈ నిచ్చెనను విడమరచి చెప్పనక్కరలేదు. చక్రవర్తి గతిస్తే వారసుల పక్షాన యోధులు తలపడతారు. గెలిచినవారికి సింహాసనం, ఓడినవారు ప్రాణత్యాగం చేయాలన్నది సంప్రదాయం. 2016లో ఆ పోరు ఆటగాళ్ళ మధ్యనే జరిగి, కటీజ్ తాష్-ముర్కోన్ సామ్రాజ్ఞి అయింది. ఆటగాళ్ళకు కత్తి దక్కింది గాని, ఓటు దక్కలేదు.

అయితే ఈ చక్రవర్తులందరిపైనా అసలు ప్రభువు ఒకరున్నారు. నియమాలు రాసేదీ, ధరలు నిర్ణయించేదీ ఆ సంస్థే. దానికి ఎదురుగా 2008 నుంచి ఆటగాళ్ళు ఓట్లు వేసి ఒక మండలిని ఎన్నుకుంటున్నారు. దాని అధికారం సలహా చెప్పడం వరకే. కాని 2011 జూన్‌లో, ఆటలోని అలంకార వస్తువులకు పెట్టిన ధరలపైనా, సంస్థ ధోరణిపైనా అసంతృప్తి భగ్గుమన్నది. ఆటగాళ్ళు ఆటలోనే ఒక వాణిజ్య కేంద్రం వద్ద గుమిగూడి అక్కడి విగ్రహంపై కాల్పులు సాగించారు. సంస్థ హుటాహుటిన మండలి సభ్యులను రేక్యవిక్‌కు పిలిపించి చర్చించింది. అక్టోబరులో సంస్థ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నారు. సలహా మండలి మాటకు ఆ బరువు నిబంధనల వల్ల రాలేదు. వెనుక నిలిచిన వోటర్ల వల్ల వచ్చింది.

సలహా మండళ్ళు ఢిల్లీకి కొత్త కావు. 1921లో ఏర్పడిన నరేంద్ర మండలిలో సంస్థానాధీశులు కొలువుదీరి వైస్రాయికి సలహాలిచ్చేవారు. పాత పార్లమెంటు భవనంలో దానికి ప్రత్యేక మందిరమే ఉండేది. సభ్యులను పంపిన ప్రజలు వెనుక లేనందున, 1947లో బ్రిటిష్ వారితోపాటే అదీ అంతరించింది.

నేడు మన పార్లమెంటులోనూ సలహా చెప్పే సంఘాలున్నాయి. 1993లో విస్తృత రూపం దాల్చిన శాఖల వారీ స్థాయీ సంఘాలు పద్దులను, బిల్లులను పరిశీలించి నివేదికలు సమర్పిస్తాయి. వాటి సిఫార్సులను ప్రభుత్వం శిరసావహించి తీరాలన్న నియమం లేదు. నివేదికను సభకు సమర్పించిన రోజున ప్రెస్ గ్యాలరీలో కూర్చున్న నేనే ఎన్నోసార్లు దాన్ని పక్కన పెట్టి, సభలో జరిగిన కేకల గురించే వార్త పంపాను. ఆ తప్పులో మా వృత్తికీ వాటా ఉన్నది.

ఊహా సామ్రాజ్యపు ఆటగాళ్ళు తమ ప్రతినిధుల వెనుక నిలబడ్డారు. మన నియోజకవర్గానికి వచ్చిన సభ్యుణ్ణి రోడ్డు గురించీ, రైలు గురించీ అడుగుతాం. ‘మీరే సంఘంలో ఉన్నారు, అక్కడ ఏమన్నారు?’ అని ఎందరం అడుగుతున్నాం? అడిగేవారు లేని సభకు నరేంద్ర మండలి గతి పట్టడానికి ఎంతో కాలం పట్టదు.