సాలార్‌జంగ్ మ్యూజియం అంటే గడియారం ఒక్కటేనా?



నంద్యాల, ఆళ్లగడ్డ నుంచి మన ఖాందాన్లు హైదరాబాద్ వెళ్లేది ఎక్కువగా మూడు పనులకే: దవాఖానా, షాదీ, షాపింగ్. కొంచెం ఫుర్సత్ దొరికితే చార్మినార్, మక్కా మస్జిద్, అటునుంచి సాలార్‌జంగ్ మ్యూజియం. లోపల గంట కొట్టే గడియారం ముందు పిల్లల్ని కూర్చోబెడతాం. ముసుగు రెబెక్కా దగ్గర "మాషా అల్లాహ్, రాయిలో పరదా ఎట్లా చెక్కినాడో!" అని ఆశ్చర్యపోతాం. బయటికొచ్చి బిర్యానీకి పోతాం. నా రాయ్ ఏమంటే, మనం అసలు చూడాల్సినవి వదిలేసి వస్తున్నాం. ఆ అద్దాల వెనక మన ఇళ్ల కథ ఉంది.

మీర్ యూసుఫ్ అలీ ఖాన్, అంటే మూడో సాలార్‌జంగ్, ఏడో నిజాం దగ్గర కొంతకాలం దీవాన్‌గా పనిచేశారు. ఆ తర్వాత జిందగీ అంతా వస్తువులు సేకరించడానికే ఇచ్చారు. 1949లో ఆయన ఇంతెఖాల్ అయ్యారు. 1951 డిసెంబర్ 16న ఆయన దీవాన్ దేవిడీలోనే నెహ్రూ ఈ మ్యూజియంను ప్రారంభించారు. మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి 1968లో మారింది.

ముందు బిద్రీ సామాను దగ్గర ఆగండి. జస్తు, రాగి కలిపి పోత పోసి, దాని మీద నగిషీ చెక్కి, ఆ గీతల్లో వెండి పొదుగుతారు. తర్వాత బీదర్ కిలా మట్టితో రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మెరుస్తుంది. అక్కడి హుక్కాలు, పాందాన్లు చూస్తే మీ దాదీ, నానీ గుర్తుకు రావాలి. మన ఇళ్లలోనూ రాగి పాందాన్, ఉగాల్దాన్, లోటా, కళాయి వేసిన దేగ్‌చీ ఉండేవి. అవన్నీ ఏమైపోయాయి? పాత సామాన్ల బండి వీధిలోకి వస్తే కిలోల లెక్కన తూకం వేసి, బదులుగా స్టీలు గిన్నెలు తీసుకున్నాం. అమ్మీ జహేజ్‌లో తెచ్చుకున్న పాందాన్ అట్లా పోతే, పోయింది రాగి మాత్రమేనా?

సంగె యష్మ్ వస్తువుల గదిలో జహంగీర్ కటారు, నూర్‌జహాన్ పండ్ల చాకు చూడటానికి జనం మూగుతారు. అక్కడే షంసుద్దీన్ అల్తమష్ పేరున్న రెహల్ ఉంది. మన పిల్లలు మద్రసాలో చెక్క రెహల్ మీద సిపారా పెట్టుకుని చదువుతారు. ఆ ఆకారం ఇన్ని వందల ఏళ్లుగా మారలేదని కళ్లారా చూస్తే, వాళ్ల చేతిలోని చెక్క రెహల్‌కి ఎంత ఇజ్జత్ పెరుగుతుంది! చేతిరాత ఖురాన్‌ల ముందు కూడా కాసేపు నిలబెట్టండి. కూఫీ, నస్ఖ్ అక్షరాల తేడా చూపించండి.

తర్వాత చీనా, జపాన్ గదులు. మనం "చీనీ బర్తన్" అంటామే, ఆ పేరులోనే చీనా ఉంది. చీనా కారీగర్లు తెల్లటి గిన్నెల మీద వేసిన నీలిరంగుకి కావలసిన కోబాల్ట్ ఒకప్పుడు ఇరాన్ నుంచి వెళ్లేది. మింగ్ బాద్షా జెంగ్‌డే కాలంలో, అంటే 1506-1521 మధ్య, అరబీ అక్షరాలున్న పింగాణీ కూడా అక్కడ తయారైంది. మట్టి ఒకరిది, రంగు ఒకరిది, అక్షరం ఇంకొకరిది. "ఇది మీది, ఇది మాది" అని గోడలు కట్టే ఈ రోజుల్లో పిల్లలకి ఇంతకంటే మంచి సబక్ ఎక్కడ దొరుకుతుంది?

కొందరు బుజుర్గులు అడుగుతారు: "అక్కడ బుత్‌లు ఉంటాయి కదా బేటా, పిల్లల్ని ఎందుకు తీసుకుపోవాలి?" వాళ్ల ఫికర్ నాకు అర్థమవుతుంది. కానీ చూడటం వేరు, సజ్దా చేయడం వేరు. ఆళ్లగడ్డలో ఉలి చప్పుడు వింటూనే మన పిల్లలు పెద్దవుతున్నారు. అక్కడి రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు ఉంది. పక్కింటి శిల్పి హునర్‌ని గౌరవించినంత మాత్రాన మన ఈమాన్‌కి వచ్చే లోటు ఏమీ లేదు.

"నవాబుల దౌలత్ మనలాంటి గరీబులకెందుకు?" అనే సవాల్ కూడా ఉంది. నవాబు కొన్నాడు, నిజమే. చేసింది ఎవరు? పొద్దంతా వంగి కూర్చుని వెండి తీగ పొదిగిన కారీగర్. మన నెల్లూరు వైపు ఉదయగిరిలో ఇవాళ్టికీ ముస్లిం కుటుంబాలు చెక్క చెంచాలు, గరిటెల మీద పూలు, లతలు చెక్కుతున్నాయి. వాళ్ల పనిని మనం బేరమాడి కొంటాం, మ్యూజియంలో అద్దం వెనక చూసి నోరెళ్లబెడతాం. ఈ రెండు నజర్లూ ఒకటి కావాలి.

కాబట్టి నా మష్వరా ఇది. ఈసారి హైదరాబాద్ పోతే సగం రోజు మ్యూజియంకి పెట్టుకోండి. జుమ్మా రోజు సెలవు, అది చూసుకుని బయల్దేరండి. పిల్లల చేతికి కాగితం, పెన్సిల్ ఇచ్చి, "మన ఇంట్లో ఉన్నవి, ఉండినవి ఏవో వెతికి రాయండి" అని చెప్పండి. తిరిగొచ్చాక అటక దించండి. ఏ వస్తువు ఎవరిది, ఏ షాదీలో వచ్చిందో దాదీని అడిగి రాయించండి. నంద్యాలలో మన స్కూళ్లు, అంజుమన్‌లు ఏడాదికి ఒక రోజు ఇంటింటి నుంచి అట్లాంటి సామాను తెప్పించి నుమాయిష్ పెట్టొచ్చు. నవాబులు ఏలిన బనగానపల్లె మన జిల్లాలోనే ఉంది, సామానుకి కొదవ ఉండదు.

దాదీలు ఉండగానే ఈ పని జరగాలి. వాళ్లు పోయాక పాందాన్ మిగిలినా, దాని కథ చెప్పేవాళ్లు ఉండరు.