మల్లన లెక్క – మన చప్పట్లు

చదరంగపు బల్లపై మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు – ఇట్లా అరవైనాలుగు గడులకూ రెట్టిస్తూ పోతే మొత్తం ఎంత? 1,84,46,74,40,73,70,95,51,615. పదకొండవ శతాబ్దివాడని సాహిత్య చరిత్రకారులు చెప్పే పావులూరి మల్లన ఈ ఇరవై అంకెలనూ ఒక్క వృత్తపద్యంలో బంధించాడు. ఆయన సారసంగ్రహ గణితము మహావీరాచార్యుని సంస్కృత గ్రంథానికి తెలుగు సేత.

ఆ పద్యం చదివి, మనవారి ప్రతిభకు చప్పట్లు కొట్టి ముగించడం మన సభలలో ఆనవాయితీ. అది సగం గౌరవమేనని నా అభిప్రాయం. పద్యం వల్లించినవాడు లెక్క కూడా కట్టి చూడాలి.

కట్టడం కష్టమేమీ కాదు. మొత్తానికి అదనంగా ఒక గింజ చేర్చండి. అదీ మొదటి గడిలోనిదీ కలిసి రెండు. ఆ రెండూ రెండవ గడితో కలిసి నాలుగు. ఇట్లా ప్రతి గడి దగ్గరా రెట్టింపే. కనుక 2తో మొదలుపెట్టి ఆరుమార్లు వర్గం చేస్తే చాలు: 4, 16, 256, 65536, 4294967296. ఆరవ వర్గం నుండి ఆ అదనపు గింజ తీసివేస్తే మల్లన సంఖ్య వస్తుంది.

ఒక సంఖ్య వర్గంలో ఒకటి తగ్గిస్తే, ఆ సంఖ్యకు ముందరిదీ తరువాతిదీ గుణించిన ఫలం వస్తుంది గదా. ఆ సూత్రాన్ని మెట్టుమెట్టుగా ప్రయోగిస్తే మన సంఖ్య 3, 5, 17, 257, 65537, 4294967297ల లబ్ధమని తేలుతుంది. ఈ వరుసలోనివన్నీ ప్రధాన సంఖ్యలేనని పదిహేడవ శతాబ్దిలో ఫెర్మా ఊహించాడు. ఆరవది 641చేత భాగింపబడుతుందని 1732లో ఆయిలర్ చూపగా ఆ ఊహ వీగిపోయింది. ఇదంతా మల్లనకు ముందే తెలుసునని నేననను. లేని కీర్తి అంటగడితే ఉన్న కీర్తికే మచ్చ.

ఇందులో పండితులకూ ఒక ప్రయోజనముంది. భూతసంఖ్యలలో అగ్ని అంటే మూడు, అబ్ధి అంటే నాలుగు. రెండూ గురువు, లఘువు. రెండింటి మొదటా అకారమే. లేఖకుడు ఒకదానికి బదులు మరొకటి వ్రాస్తే గణమూ యతీ చెడవు; ఛందస్సు ఆ తప్పును పట్టలేదు. లెక్క పట్టగలదు. సరియైన సంఖ్యలో అంకెల మొత్తం 87, మూడుచేత నిశ్శేషంగా పోతుంది. అగ్ని స్థానంలో అబ్ధి చేరితే 88 అవుతుంది, పోదు. పాఠపరిష్కర్తకు ఇంతకంటె నమ్మకమైన సాక్షి ఏ తాళపత్రంలో దొరుకుతుంది?

ముప్పదేండ్లు బడిలో పద్యం చెప్పినవాడిగా ఈ మాట అంటున్నాను. ఇటువంటి పద్యాన్ని తెలుగు పంతులు లెక్కలవారిదని, లెక్కల పంతులు తెలుగువారిదని వదిలేస్తే అది ఇద్దరికీ కాకుండా పోతుంది. మిత్రులారా, ఈసారి ఎవరైనా ఆ పద్యం పంపితే వెంటనే పదిమందికి పంపకండి. ఒక కాగితం తీసుకొని ఆరుమార్లు వర్గం చేయండి. చప్పట్లు తరువాత కొట్టవచ్చు.