చిన్న దెబ్బే కదా అనొద్దు

అంతరిక్షం నుంచి నౌక దిగే వేగానికి దాని ముందున్న గాలి ఒత్తుకుపోయి నిప్పులా కాగుతుంది. కొలంబియా రెక్కల అంచులకు ఆ వేడిని తట్టుకునే కార్బన్ పలకలు ఉండేవి. 2003 జనవరి 16న అది పైకి లేచేటప్పుడు, ట్యాంకు మీది థర్మోకోల్ లాంటి తేలిక ముక్క ఊడి ఎడమ రెక్కకి తగిలింది. ఫోటోలు తీయించి చూద్దామని ఇంజనీర్లు అడిగారు. పైవాళ్లు పట్టించుకోలేదు. ఫిబ్రవరి 1న దిగేటప్పుడు ఆ చిల్లులోంచి వేడి లోపలికి దూరింది. నౌక ముక్కలైపోయింది. కల్పనా చావ్లాతో కలిపి ఏడుగురు చనిపోయారు.

నౌకను కాపాడేది పలకలొక్కటే కాదు, దెబ్బ తగిలిందన్నవాళ్ల మాట వినడం కూడా అని నా అభిప్రాయం. మనం భయపడకుండా చెప్పాలి. మేడం, స్విచ్ షాక్ కొడుతోందని మేం చెప్తే మీరూ ఒకసారి వచ్చి చూడండి.

— 9వ తరగతి విద్యార్థిని